కండక్టరక్క అడిగిన రెండో బ్రాంచి

డ్యూటీలో ఉన్నంతసేపు మా ఫోన్లు కింద లాకర్లలోనే ఉంటాయి. ఆ రోజు మధ్యాహ్నం కంట్రోల్ టవర్ దిగి లాకర్ తెరిస్తే తమ్ముడి మిస్డ్ కాల్స్ వరసగా కనబడ్డాయి. వాడు అన్నిసార్లు చేశాడంటే ఇంట్లో బర్రె అయినా ఈని ఉండాలి, మనిషైనా పోయి ఉండాలి. తిరిగి చేస్తే, కండక్టరక్క పోయిందనీ, పొద్దున్నే పురానాపూల్ శ్మశానంలో అంతా అయిపోయిందనీ చెప్పాడు. నేను మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. నా కింద పనిచేసే సార్జెంట్ మంచినీళ్లు తెచ్చిచ్చి, దగ్గరి బంధువులా మేడమ్ అని అడిగాడు. మా బస్సు కండక్టర్ అని చెప్పాను. అతను నన్ను వింతగా చూసి గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

అతని తప్పేం లేదు. సిటీ బస్సు కండక్టర్ పోతే ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ ఏడవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ బస్సు ఎక్కినవాళ్లకైతే అనిపించదు.

జల్‌పల్లి నుంచి అఫ్జల్‌గంజ్ పోయే బస్సు అది. ఆమె ఇల్లు పురానాపూల్‌లో. మేమూ ఒకప్పుడు అక్కడివాళ్లమే. బర్రెలకు జాగ చాలక, పేడ వాసనని పక్కింటివాళ్లు రోజూ పెట్టే లొల్లి పడలేక, బాపు జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని కొట్టంతో సహా మకాం మార్చాడు. బర్రెలు సుఖపడ్డాయి. నాకు మాత్రం కోఠిలో డిగ్రీ కోసం రోజూ పాతబస్తీ మొత్తం దాటే ప్రయాణం తగులుకుంది.

ఆమెలో ముందు కంటబడేవి బూట్లు. మిగతా లేడీ కండక్టర్లు చెప్పులేసుకునేవాళ్లు. ఈమె ఖాకీ ఆప్రాన్ కింద ఏ చీర కట్టినా కాళ్లకు నల్ల తోలు బూట్లే, అవీ తళతళ మెరుస్తూ. వానాకాలంలో జల్‌పల్లి బురద తెలిసినవాళ్లకు అదెంత మొండితనమో అర్థమవుతుంది. టికెట్ మిషన్ వచ్చి పెన్నుతో పని తీరిపోయినా చెవి వెనక పెన్ను పోలేదు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. తన సీట్లో తను కూర్చోగా నేను చూడలేదు. ఏ కడుపుతో ఉన్న మనిషికో, ఏ ముసలమ్మకో ఇచ్చేసి తను కడ్డీకి ఆనుకుని నిలబడేది. ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లు ఆమెను ఆపా అనేవాళ్లు. మేం అక్కా అనేవాళ్లం. నాకు తల్లి వయసు మనిషి, అయినా ఆంటీ అంటే మాత్రం పలికేది కాదు.

ఒకరోజు పొద్దున కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల పరీక్షకు దరఖాస్తు నింపుతున్నాను. భుజం మీదుగా లవంగం వాసన వచ్చింది. ఏ బ్రాంచి అని అడిగింది. ఫౌజులో చేరతానంటే మా గల్లీలో జీతమెంత అనేవాళ్లున్నారు, పెండ్లి ఎట్లా అవుతుందే అనేవాళ్లున్నారు. బ్రాంచి అడిగిన మొదటి మనిషి ఈమె. ఫ్లయింగ్ అన్నాను, కాస్త టెక్కుగానే. రెండోది ఏందంది. రెండోది లేదన్నాను. ఆమె వెనక్కి పోయి, టికెట్లన్నీ కొట్టి, ఫలక్‌నుమా దగ్గర మళ్లీ నా పక్కకు వచ్చింది.

"మొదటిది అందరు జెప్తరు పిల్లా. రెండోది జెప్పు."

అక్కడి నుంచి మొదలయ్యాయి నా తిప్పలు. రోజూ ఎక్కగానే ఇదే అడగడం. నేను తల తిప్పుకోవడం. నాలుగు రోజులకు బస్సులో అందరికీ తెలిసిపోయింది. శాలిబండలో పూల బుట్టతో దిగే ముసలామె, ఏదో ఒకటి చెప్పి పీడ వదిలించుకోరాదా పిల్లా అని నాకే సలహా ఇచ్చింది. విసుగొచ్చి ఒకరోజు అకౌంట్స్ అన్నాను. కండక్టరక్క నన్ను ఎగాదిగా చూసింది. మొన్న వంద నోటుకు చిల్లరడిగితే నేను తక్కువిచ్చిన, చూసుకోకుండ జేబులేసుకున్నవ్, నువ్వు అకౌంట్స్ చేస్తే ఫౌజు దివాలా తీస్తదని అందరి ముందూ తేల్చేసింది. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఆ మంటతోనే మొదటిసారి బ్రాంచీల గురించి సరిగా చదివాను. అంతవరకు ఎయిర్‌ఫోర్స్ అంటే నాకు విమానంలో కూర్చున్న అమ్మాయి ఫోటో, అంతే. నేల మీద ఇన్ని పనులుంటాయనీ, వాటికీ ఆఫీసర్లే ఉంటారనీ తెలియదు. సామాన్లు చేరవేసేవాళ్లు, యంత్రాలు చూసేవాళ్లు, వాతావరణం చెప్పేవాళ్లు. అడ్మినిస్ట్రేషన్ బ్రాంచిలోకి పోతే, టవర్లో కూర్చుని ఏ విమానం ఎప్పుడు లేవాలో ఎప్పుడు దిగాలో చెప్పే పని దొరకొచ్చని చదివి, అది చెప్పాను. ఆమె లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. బండి నడిపేది డ్రైవరైనా రైట్ చెప్పేది మనమే కదా అని, ఇది పర్వాలేదంది. ఆ రోజే రెండో గడి నింపించి, మూడోది నాలుగోది కూడా ఖాళీ వదలనివ్వలేదు. తర్వాత ఫోన్ తీసుకుని తనే ఒకసారి చూసి ఇచ్చింది.

దాంతో వదిలిపెడుతుందనుకున్నాను. ఆమె నా బతుకు మొత్తానికి రూటు వేసింది. చాంద్రాయణగుట్ట రాత పరీక్ష, ఫలక్‌నుమా ఇంటర్వ్యూ, శాలిబండ మెడికల్, అఫ్జల్‌గంజ్ అకాడమీ. "అఫ్జల్‌గంజ్‌ల దిగంగనే అయిపోయిందనుకోకు. ఆడికెల్లి వేరే బస్సెక్కాలె" అనేది. మొదట ఇచ్చేది షార్ట్ సర్వీసు, కొన్నేళ్ల కొలువే. అది ముగిసేనాటికి నీ వయసెంత, ఇంకా ఉండాలంటే ఏ కోర్సులు చేసి ఉండాలి, బయటికొస్తే నీ చేతిలో ఏ పని ఉంటుంది, ఇట్లా అడిగేది. నాకు ఇరవయ్యో ఏడు నడుస్తుంటే ఈమె నా ముప్పై అయిదో ఏటి గురించి పరేషాన్ అవుతుంటే నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ లెక్కలే నేను వేసుకుంటున్నాను.

ఇక గొంతు. ఆఫీసర్‌కు గొంతే సగం కొలువని ఆమె నమ్మకం. ఆడవాళ్లకు టికెట్ ఫ్రీ అయినప్పటి నుంచి ముందు డోరు దగ్గర ఊపిరాడేది కాదు. అందరూ మెట్ల దగ్గరే గుమిగూడేవాళ్లు, మధ్యలో ఖాళీగా ఉండేది. వాళ్లను లోపలికి జరిపించే పని నాకు అప్పజెప్పింది. మొదటి రోజు, కొంచెం జరగండి ప్లీజ్ అన్నాను. ఒక్కరు కదలలేదు. బతిమాలుతున్నవ్ అంది. మర్నాడు గట్టిగా అరిచాను. ఒకామె నన్ను తిట్టింది. కొట్లాడుతున్నవ్ అంది. మరేం చెయ్యాలో నువ్వే చెప్పమన్నాను.

"ముందుగాల జాగ ఏడుందో చూడు. చూసినంక నోరు తెరువు. జరుగుమంటే ఎవ్వలు జరగరే. ఏడికి జరగాల్నో జెప్పాలె."

మూడో రోజు కళ్లతో జాగ వెతికి, నీలం చున్నీ ఆపా వెనక ఇద్దరు పడతారు, సంచీ ఉన్న అమ్మా మీరు అటు రండి అన్నాను. జరిగారు. అంత మామూలుగా జరిగేసరికి నాకే ఆశ్చర్యమైంది. ఆమె బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టి డ్రైవర్‌కు రైట్ చెప్పింది. నాకు మెచ్చుకోలు అదే.

ఇంటర్వ్యూ బోర్డులో ఏదో ఒక అంశం ఇచ్చి మూడు నిమిషాలు మాట్లాడమంటారని తెలిశాక బస్సులోనే అదీ మొదలుపెట్టించింది. ఇంజన్‌బౌలి దగ్గర అంశం చెప్పేది, శాలిబండ వచ్చేలోపు ముగించాలి. మూసీ నీళ్లు, పాల ధర, ఆడవాళ్లు యుద్ధానికి పోవాలా. పాల ధర మీద నేను రెచ్చిపోయి బాపు పక్షం మాట్లాడితే కొనేవాళ్లంతా ఒక్కటై నన్ను కూర్చోబెట్టారు. వెనక సీటు నుంచి ఒక ముసలాయన రోజూ ఒకటే మాట: "ఆవాజ్ నై ఆరీ బేటీ, జరా జోర్ సే." వినబడతలేదు, గట్టిగా చెప్పమని. ఆయనకు చెవుడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. కండక్టరక్కకు మొదటి నుంచీ తెలుసు.

రాత పరీక్ష పాసై, వేరే ఊళ్లో జరిగే ఇంటర్వ్యూ బోర్డుకు పోయాను. అక్కడ మైదానంలో జట్టుకొక చెక్క పలక, ఒక తాడు ఇచ్చి అడ్డంకులు దాటమంటారు. మా జట్టు పిల్లలంతా సన్నటి దుంగ మీద ఒకే చివర ఇరుక్కుపోయారు. పలక వెనక మిగిలింది, ముందుకు కదిలేవాళ్లు లేరు. నాకు జల్‌పల్లి బస్సు ముందు డోరు కనబడింది. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆగే జాగా హై అమ్మా, ఆగే బఢో, పీఛే కే లోగాం భీ ఆనా హై నా!" హర్యానా నుంచి వచ్చిన ఆరడుగుల వాలీబాల్ పిల్లను అమ్మా అన్నాను. ముందు జాగ ఉంది, జరగండి, వెనకవాళ్లూ రావాలి కదా అని, అచ్చం కండక్టర్ కూతే. జట్టంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే జరిగింది కూడా. పలక ముందుకొచ్చింది, దాటాం. పక్కన నిలబడి చూస్తున్న అధికారి ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే సిటీ బస్సులో అని నిజమే చెప్పాను. నా పని అయిపోయిందనుకున్నాను. చివరి రోజు ఎంపికైనవాళ్లను పిలిచినప్పుడు నా పేరు వినబడింది.

అయితే ఫ్లయింగ్ కావాలన్నవాళ్లకు ఇంకో పరీక్ష ఉంది. చేతిలో కడ్డీ, కాళ్ల కింద పెడళ్లు, ఎదురుగా తెర మీద పరుగెత్తే చుక్క. ఎగరడానికి పనికొస్తామో లేదో ఆ మిషన్ చెబుతుంది. బతుకు మొత్తానికి ఒక్కసారే. నేను తప్పాను. నేల మీది బ్రాంచీలు రాశారు కాబట్టి వాటికి మీ పేరు ఉంటుంది, మెడికల్‌కు పొండి అని తారీఖు ఇచ్చారు. రైలంతా ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

మెడికల్‌కు పోనని నిర్ణయించుకున్నాను. టవర్ గురించి నేను చదివిందంతా ఆమె పోరు పడలేక చదివింది. నేను కోరుకున్నది ఆకాశం. నేల మీద కూర్చుని, నన్ను కాదన్న విమానాలను ఇంకొకరు నడుపుతుంటే రోజూ చూడాలా? బాపుకు ఇది సంతోషమే అయింది. బ్యాంకు పరీక్షలు రాసుకో బిడ్డా, ఇంటి పట్టున ఉంటవన్నాడు. నేను వారం రోజులు బస్సెక్కలేదు.

మెడికల్‌కు బయల్దేరాల్సిన రోజుకు ముందు రోజు కండక్టరక్క మా కొట్టానికి వచ్చింది. ఆమెకు ఆ రోజు వీక్లీ ఆఫ్. నేను బర్రెల్ని కడుగుతున్నాను. ఆమె చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, పేడలోకి ఆ బూట్లతోనే నడిచొచ్చి, పైపు నా చేతిలోంచి తీసుకుని తను కడగడం మొదలుపెట్టింది. ఎవరు చెప్పారని అడిగాను. మీ తమ్ముడు బస్సెక్కిండు అంది. ఆ తర్వాత ఆమె చెప్పింది నేను ఎప్పటికీ మర్చిపోను.

తను కూడా డిగ్రీ అవగానే ఆ బోర్డుకే పోయిందట. ఆడవాళ్లను విమానాలకు తీసుకోవడం అప్పుడప్పుడే మొదలైన రోజులు. తనూ ఆ మిషన్ దగ్గరే తప్పిందట. నేల మీది బ్రాంచి ఏదైనా ఇస్తే చేస్తావా అని అక్కడి అధికారి పిలిచి మరీ అడిగాడట. ఎగిరితే ఎగురుత, లేకుంటే ఏదీ వద్దు అని చెప్పేసి, రాణి లెక్క రైలెక్కి వచ్చిందట. ఆ మాట చెప్పినందుకు చాలా రోజులు తనమీద తనకే గొప్పగా ఉండేదట.

"మల్ల?" అన్నాను.

"మల్లేముంది? నేనిచ్చిన జవాబు ఆడ ఎవ్వలికీ యాదికి లేదు. నాకే ఉంది." పైపు నీళ్లు బర్రె వీపు మీదికి పట్టి, నా వైపు చూడకుండానే అంది. "నేను ఎగరలేనని మిషన్ జెప్పింది. దానికి నేనేం జెయ్యలేను. ఆఫీసర్ కానని మాత్రం నేనే జెప్పిన. మిషన్ జెప్పలే."

నీ సంగతి వేరు, నా సంగతి వేరు అనుకున్నాను. ఆమెకు అది తెలిసినట్టే ఉంది, వాదించలేదు. అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, కొట్టం బయట గోనెసంచి మీద బూట్లు శుభ్రంగా తుడుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మా గల్లీ మొదట్లో హారన్ మోగింది. ఆగకుండా మోగింది. అది బస్‌స్టాప్ కాదు. అక్కడ బస్సు ఆపిన చరిత్ర లేదు. బయటికొచ్చి చూస్తే జల్‌పల్లి బస్సు దారికి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉంది. వెనక ఆటోలు, టూవీలర్లు, స్కూల్ వ్యాన్ నిలిచిపోయి గోల పెడుతున్నాయి. డ్రైవర్ భాయ్ నన్ను చూసి, నా చేతిలో ఏం లేదన్నట్టు స్టీరింగ్ మీంచి రెండు చేతులూ ఎత్తాడు. కిటికీల్లోంచి అందరూ తలలు బయటపెట్టి ఉన్నారు. పూలామె ఎక్కు ఎక్కు అంటోంది. చెవిటి ముసలాయన కూడా ఏదో అరుస్తున్నాడు.

ఆమె అరవలేదు. మామూలు గొంతుతోనే అంది.

"బ్యాగు తెచ్చుకో. నువ్వెక్కేదాంక నేను రైట్ జెప్ప."

నాకు కోపం, సిగ్గు, ఏడుపు అన్నీ ఒకేసారి వచ్చాయి. బాపు అరుగు మీదికొచ్చి ఆ బస్సును, ఆమెను, నన్ను మార్చి మార్చి చూశాడు. వద్దంటాడేమోనని ఎదురుచూశాను. నిజానికి అనాలనే కోరుకున్నాను. ఆయన లోపలికి పోయి నా బ్యాగు తెచ్చి ఇచ్చాడు. "పోయిరా. నువ్వు పోకుంటే ఆమె ఈడనే ఉండేటట్టుంది" అన్నాడు.

ఎక్కాను. ఆమె నాకు రోజూ లాగే సున్నా టికెట్ కొట్టిచ్చి వెనక్కి పోయింది. ఆ బస్సు ఆపినందుకు డిపోలో మెమో ఇచ్చారని తర్వాత విన్నాను. ఆమె మాత్రం నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మెడికల్ అయింది. మెరిట్‌లో పేరు వచ్చింది, అడ్మినిస్ట్రేషన్ బ్రాంచి ఇచ్చారు. అకాడమీ ఎక్కడో కాదు, మన హైదరాబాదుకు అటు చివర దుండిగల్‌లోనే. ఆ దిక్కు రూటులో డ్యూటీ పడితే ఆమె బతిమాలి మార్పించుకునేదని వాళ్ల డిపో మనిషి ఒకాయన బాపుతో అన్నాడట. అందుకే శిక్షణ ముగిసి పాసింగ్ అవుట్ పరేడ్ రోజున ఆమె కోసం పాస్ పంపించాను గానీ వస్తుందని గట్టిగా అనుకోలేదు.

వచ్చింది. గంజి పెట్టిన తెల్ల నూలు చీర, ఆ బూట్లు. కవాతు అయ్యాక ఇంటివాళ్లు మైదానంలోకి వచ్చి మా భుజాల మీద ర్యాంకు పట్టీలు తొడుగుతారు. ఒక భుజం అమ్మది. రెండో భుజం దగ్గర బాపు ఆగి, నువ్వు రా చెల్లె అని ఆమెను పిలిచాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, నీ బిడ్డ, నువ్వే పెట్టన్నా అంది. ఎంత చెప్పినా ముందుకు రాలేదు. బాపు వంకరగా పెట్టిన పట్టీని మాత్రం వచ్చి సరిచేసి పోయింది.

అప్పుడే విమానాలు వచ్చాయి. వరసలు కట్టి, పల్టీలు కొట్టి, తలల మీదుగా దూసుకుపోతుంటే మైదానమంతా మెడలు ఎత్తి చూస్తోంది. నేను మాత్రం ఆమె ముఖం చూస్తున్నాను. నాకు భయంగా ఉంది. ఆమె కూడా అందరిలాగే పైకి చూసింది, కాసేపు. తర్వాత తల దించి, వీళ్లనందర్ని ఒకలకొకలు తగలకుండ దింపేది ఎవ్వలని అడిగింది. దూరంగా టవర్ చూపించి, నేను రేపు నేర్చుకోబోయే పని అదేనన్నాను. దాని దగ్గరికి తీస్కపో అంది. లోపలికి ఎవరినీ రానివ్వరని చెప్పాను.

"లోపలికెందుకే. కింద నిలబడి చూస్త."

మమ్మల్ని పోనిచ్చినంత దూరం పోయి కంచె దగ్గర నిలబడ్డాం. పై అద్దాల వెనక మనుషులు చిన్నగా కదులుతూ కనబడుతున్నారు. ఒక్కొక్క విమానం వరసగా వచ్చి నేల మీద దిగింది. చివరిది దిగి ఆగేదాకా ఆమె కళ్లు అద్దాల మీదే ఉన్నాయి. ఎండ నెత్తిమీదికి వచ్చింది. అమ్మావాళ్లు పిలుస్తున్నారు.

"నన్ను గూడ అడిగిన్రు గదనే" అంది. "ఒక్కసారి గిదాని పైకెక్కి చూసి జవాబు ఇస్తే అయిపోతుండె."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కొంచెంసేపు పట్టుకోనిచ్చి, ఇగ పోదాం పా, నాకు సెకండ్ షిఫ్టు ఉంది అని విడిపించుకుంది.

తమ్ముడి ఫోన్ వచ్చిన ఆ సాయంత్రం మా కమాండింగ్ ఆఫీసర్ సెలవు తీసుకొమ్మన్నారు. వద్దని చెప్పి, మర్నాడు పొద్దున్నే టవర్ ఎక్కాను.